వంతు కర్ర

రాత్రి పన్నెండు దాటాక బోరిగుమ్మ కూడలిలో నిలబడితే ఒకప్పుడు రెండే చప్పుళ్లు వినిపించేవి. రాయపూర్ వైపునుంచి వచ్చి విజయనగరం దిగే లారీలు మలుపులో బ్రేకు వేసినప్పుడు బుస్సుమని వదిలే గాలి ఒకటి. కరెంటు స్తంభం మీద ఠక్కుమని తగిలే కర్ర చప్పుడు రెండోది. లారీలు ఇప్పటికీ వస్తున్నాయి, ఇంకా ఎక్కువే వస్తున్నాయి. కర్ర చప్పుడు ఆగిపోయింది. ఈ పూట ఆ కర్ర గురించి మీతో కాసేపు మాట్లాడదామని వచ్చాను.

మాది బోరిగుమ్మలో కిరాణా కొట్టు. మా తాతగారు సాలూరు ఘాటీ ఎక్కి వచ్చి పెట్టారు. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర ఒడియా, సంతనాడు కొండల మీంచి దిగివచ్చే వాళ్లతో దేశియా. నా చిన్నప్పుడు బజారంతటికీ ఒక గూర్ఖా ఉండేవాడు. రాత్రిపూట ఈల, ఒకటో తారీకున సలాము, చేతిలో నలిగిపోయిన చీటీల పుస్తకం. ఒక ఏడు దసరాకి వాళ్ల ఊరు వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ చలికాలంలోనే మా వరసలో మూడు కొట్ల తాళాలు విరిగాయి. మూడో కొట్టు మాదే. పోయిందేమీ పెద్దది కాదు. రెండు నూనె డబ్బాలు, బీడీ కట్టలు, గల్లాలో చిల్లర. కానీ మా అమ్మ నెల్లాళ్లపాటు రాత్రి కుక్క మొరిగితే చాలు, లేచి కూర్చునేది.

అప్పుడు బజారువాళ్లంతా ఒకచోట చేరి వంతులు వేసుకున్నారు. గట్టి వెదురుకర్ర ఒకటి తెచ్చి, కమ్మరి దగ్గర కింద ఇనప పొన్ను వేయించారు. రాత్రికి ఇద్దరు, ఈ వరసనుంచి ఒకరు, ఎదుటి వరసనుంచి ఒకరు. తెల్లారేసరికి కాపలా కాసినవాడు ఆ పొన్నుకర్రను పక్క కొట్టు తలుపుకి ఆనించి ఇంటికి పోవాలి. పొద్దున్న కొట్టు తెరవడానికి వచ్చి తన తలుపు దగ్గర కర్ర చూసుకున్నవాడికి ఆ రాత్రి నిద్ర లేనట్టే. పుస్తకం లేదు, సంతకం లేదు, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా పెదనాన్న మటుకు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. చీకటితోనే వచ్చి, తన తలుపుకున్న కర్రను చప్పుడు కాకుండా పక్క కొట్టు తలుపుకి జరిపేసేవాడు. వారంలో రెండుసార్లు వంతు వచ్చిన పక్క కొట్టాయనకి అనుమానం వచ్చి, ఒక తెల్లవారుజామున గోనెల చాటున కూర్చొని పట్టుకున్నాడు. జరిమానా కింద ఆ నెలంతా గస్తీవాళ్లకి టీ, రస్కులు పెదనాన్నవే. ఆయన పోయేదాకా ఆ రస్కుల లెక్క మాత్రం మాకు చెబుతూనే ఉన్నాడు.

ఊరు తనను తానే కాచుకోవడం మా బజారు కనిపెట్టిందేమీ కాదు. ఈ కొండల్లో పోలీసు కొత్తవాడు, కాపలా పాతది. కొరాపుట్, రాయగడ ఒకప్పుడు మన విశాఖపట్నం జిల్లాలోవే. జయపురం రాజావారి జమీందారీ. 1839లో చేసిన చట్టంతో ఈ కొండప్రాంతాన్ని మామూలు కోర్టుల పరిధిలోంచి తీసి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికిచ్చారు. ఏజెన్సీ అనే మాట అలా పుట్టిందే. ఒక ఇంగ్లీషు అధికారిని, ఆయన వెంట పోలీసులను జయపురంలో నిలబెట్టింది 1863లో. అంతకుముందు ఇక్కడ ఖాకీ లేదు. ఊరికొక నాయకో, అంటే ఊరిపెద్ద, ఆయన కింద ఒక చలాన్, ఒక బారిక్, అంతే. కొత్తవాళ్లు ఊళ్లోకి వస్తే ఎవరని అడిగేవాడు బారిక్. తప్పిపోయిన గొడ్డును వెతికేవాడు, పెద్దలు కూర్చుంటున్నారని ఇంటింటికీ చెప్పేవాడు బారిక్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దవాళ్లకి బారికి అంటే తెలుసు. ఆ మాటా ఈ మాటా ఒకటే. జీతం కళ్లంలో ధాన్యంగా కొలిచేవారు. ఇంత చేసే మనిషి చాలా ఊళ్లలో డొంబు కులంవాడు. ఊరిని కాచేవాడిని ఊరు అంటరానివాడిగానే ఉంచింది. ఆ సంగతి దాటేసి పాత రోజులు బంగారమనడం నాకు ఇష్టం లేదు.

పోలీసులు వచ్చిన మరుసటి ఏడే, 1864లో, గుణుపురం పైన పొట్టాసింగిలో ఏం జరిగిందో చూడండి. అది ఇప్పుడు రాయగడ జిల్లాలో ఉంది. సవరల ఊరిపెద్దను గొమాంగో అంటారు. అలాంటి ఒక గొమాంగోని అక్కడి పోలీసులు పద్ధతి లేకుండా పట్టుకున్నారు. దొంగను పట్టుకున్నామని పోలీసులు అనుకొని ఉంటారు. సవరలకి మాత్రం అది తమ న్యాయస్థానాన్నే కట్టేసి తీసుకుపోయినట్టు. వాళ్లు వచ్చి పెద్దను విడిపించుకున్నారు. ఇన్‌స్పెక్టరునీ నలుగురు కానిస్టేబుళ్లనీ చంపి, ఠాణా తగలబెట్టారు. తరవాత అయిదుగురికి ఉరి, తొమ్మండుగురికి ద్వీపాంతరం. ఆ రోజు గొమాంగోని పట్టుకోబోయే ముందు ఊళ్లో ఒక్క ముసలివాడిని పక్కకి పిలిచి అడిగి ఉంటే అన్ని ప్రాణాలు పోయేవా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక పాత కాపలాలు ఒక్కొక్కటే పోయాయి. ఒడిశాలో 1964 చట్టంతో ఊరి పోలీసు పదవులు రద్దయ్యాయి. 1967లో వాటి స్థానంలో గ్రామ రక్షి అనేవాడిని తెచ్చారు. మన ఆంధ్రలో మునసబు, కరణాలు 1984 దాకా ఉన్నారు, తరవాత ఎన్టీ రామారావు ప్రభుత్వం తీసేసింది. ఊళ్లో పోలీసు అధికారం మునసబు చేతిలో ఉండేదని ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. వంశపారంపర్యం పోవడం మంచిదే. అందులో రెండో మాట లేదు. కానీ మునసబు వెళ్లిపోయిన కుర్చీలో చాలా ఏళ్లు ఎవరూ కూర్చోలేదు.

గ్రామ రక్షి సంగతి మాత్రం కాస్త చెప్పుకోవాలి. మా వైపు పల్లెల్లో ఇప్పటికీ అతనే పోలీసుకీ ఊరికీ మధ్య వంతెన. ఊళ్లో ఏ చావు మామూలు చావు కాదో, ఎవరింటికి రాత్రిపూట బండ్లు వస్తున్నాయో, ఏ రెండిళ్ల మధ్య గట్టు తగువు ముదురుతోందో అతనికి తెలుసు. మోసుకుపోయి ఠాణాలో చెప్పాలి. చెబితే ఊళ్లోవాళ్లకి కోపం, చెప్పకపోతే పైవాళ్లకి కోపం. అతనికిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆ రెండు మాటల్లో మొదటిది పెద్దది, రెండోది చిన్నది. నాకు తెలిసిన ఒక గ్రామ రక్షి మా కొట్టుకి సరుకులకి వచ్చేవాడు. అప్పు పద్దులో అతని పేరు రెండు పేజీలు తినేది. నెలాఖరున డబ్బు రాకపోయినా మనిషి మటుకు వచ్చేవాడు, ఇవ్వలేకపోతున్నానని చెప్పడానికి. అలాంటివాడు ఊరి గుట్టు ఎవరికి పడితే వాళ్లకి అమ్ముతాడని నేను అనుకోను. అమ్ముకునేవాళ్లూ ఉండకపోరు.

ఇక లెక్క చూద్దాం. ఒక్క కొరాపుట్ జిల్లాయే ఎనిమిది వేల ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో 13 లక్షల 79 వేల మంది. 1992 అక్టోబరు 2న నాలుగు ముక్కలు చేశాక మిగిలిన ముక్క సంగతి ఇది. అంతకుముందు మల్కాన్‌గిరి, రాయగడ, నవరంగపూర్ అన్నీ కలిపి ఒకే జిల్లా. కాగితం మీద పది కిలోమీటర్లున్న ఊరికి వాన పడితే సగం రోజు నడక. వాగు పొంగితే అదీ లేదు. ఠాణాలో మంచివాళ్లున్నారా చెడ్డవాళ్లున్నారా అనేది తరవాతి మాట. ముందు వాళ్లు అక్కడికి చేరాలి కదా. పోలీసుల పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, 2004 ఫిబ్రవరి 6 రాత్రి మావోయిస్టులు వందల మంది కొరాపుట్ పట్నం మీద పడి, జిల్లా పోలీసు ఆయుధాగారాన్నే ఖాళీ చేసి పట్టుకుపోయారు. జిల్లా మొత్తానికి తాళం వేయాల్సినవాళ్ల ఇంటి తాళమే విరిగింది. ఆ మర్నాడు మా బజారులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కొట్లు తీశాం, తూకం వేశాం, చిల్లర ఇచ్చాం, అంతే.

పైగా ఇక్కడ సరిహద్దు గొడవ ఒకటి. దొంగకీ, గంజాయి మూటకీ, తుపాకీకీ రాష్ట్రం గీత కనబడదు. పోలీసుకి కనబడుతుంది. ఆంధ్రలో 1989లో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళం పుట్టింది. ఆ దళం తరిమితే మావోయిస్టులు గీత దాటి ఇటొచ్చేవారు, ఇటువాళ్లు తరిమితే అటు. రెండు రాష్ట్రాల పోలీసులు కలిసి వెళ్లడం మొదలుపెట్టాక, 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పడవ మీద మావోయిస్టులు కొండపైనుంచి కాల్పులు జరిపి ముంచేశారు. 38 మంది సిబ్బంది పోయారు. ఆ నీళ్లకి అవతల దశాబ్దాలుగా తెగిపోయి పడి ఉన్న ఊళ్లకి గురుప్రియ వంతెన కట్టి తెరిచింది 2018 జులైలో. పోలీసుల కంటే ముందు ఆ వంతెన కట్టి ఉండాల్సింది కదా అని మీలో ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు.

పొట్టంగి, సాలూరు మధ్యనున్న కొఠియా ఊళ్ల సంగతి ఇంకో తీరు. ఇరవై ఒక్క ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ. 1968లో సుప్రీంకోర్టుకి ఎక్కింది, ఎక్కడివక్కడే ఉంచమన్నారు. 2006లో దావా కొట్టేశాక కూడా అదే మాట. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకి వెళ్లింది. ఆ ఊళ్లవాళ్లకి రెండు రాష్ట్రాల రేషను కార్డులున్నాయి కదా, అదృష్టవంతులు అని మా బజారులో వేళాకోళం చేస్తారు. కార్డులు రెండుంటే బియ్యం రెండుసార్లు వస్తాయేమో గానీ, ఇద్దరు చూసుకుంటార్లే అని ఇద్దరూ వదిలేసిన పొలానికి కంచె ఉండదు.

ఇప్పుడు మళ్లీ కర్ర దగ్గరికి వస్తాను. మా బజారు పొన్నుకర్ర సంగతి మేమేదో గొప్పగా చెప్పుకుంటుంటే, నయాగఢ్ నుంచి వచ్చిన మా ఒడియా మాస్టారు ఒకాయన నవ్వారు. మా ఆడవాళ్లు దీన్ని ఏళ్ల తరబడి చేస్తున్నారోయ్ అన్నారు. ఆ పద్ధతిని ఠెంగాపాలి అంటారు. ఠెంగా అంటే కర్ర, పాలి అంటే వంతు. అడవిలో టేకు, సాలు చెట్లు రాత్రికి రాత్రి మాయమవుతుంటే, అటవీ శాఖ గార్డు ఒక్కడు ఎన్ని కొండలు తిరుగుతాడు? అందుకని ఇంటింటికీ వంతు పెట్టుకున్నారు. రోజుకి నలుగురు కర్రలు పట్టుకొని అడవిలో తిరిగి, సాయంత్రం ఎవరి కర్రను వాళ్లు పక్కింటి గుమ్మంలో పెట్టి వెళ్తారు. పొద్దున్న గుమ్మంలో కర్ర కనబడిన ఇల్లు ఆ రోజు అడవికి పోవాలి. పోకపోతే జరిమానా. చాలా ఊళ్లలో మగవాళ్లు మొదలుపెట్టి విసుగెత్తి మానేశాక ఆడవాళ్లు అందుకొని నిలబెట్టారు. కట్టెలు, ఆకులు, దుంపలు, ఇప్పపువ్వు అన్నీ తెచ్చుకునేది వాళ్లే కాబట్టి అడవి పోతే ముందు తెలిసేదీ వాళ్లకే.

ఇలాంటిదే మెక్సికోలో చెరాన్ అనే ఊళ్లో జరిగింది. 2011 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఆడవాళ్లు కలప దొంగల లారీలకి అడ్డం నిలబడ్డారు. ఆ లారీల వెనక తుపాకుల ముఠాలు. పోలీసులు పట్టించుకోవడం లేదు. తరవాత వీధి మలుపుకొక నెగడు వేసి, దాని చుట్టూ కూర్చొని రాత్రులు కాపలా కాశారు. పార్టీలవాళ్లని, పాత పోలీసులని ఊళ్లోంచి పంపించేసి సొంత గస్తీ పెట్టుకున్నారు. మా ఒడియా మాస్టారికి ఈ సంగతి చెబితే, అయితే వాళ్లకీ చలికాలం ఉందన్నమాట అన్నారు. ఆయన తీరే అంత.

మా పొన్నుకర్రలోనైనా, ఠెంగాపాలిలోనైనా నాకు నచ్చింది కర్ర కాదు, వంతు. ఇవాళ నీ చేతిలో ఉన్న కర్ర రేపు పొద్దున్నకి పక్కింటి గుమ్మంలో ఉంటుంది. ఈ రాత్రి నువ్వు ఎవరినైనా అదిలిస్తే, రేపు రాత్రి వాడు నిన్ను అదిలించగలడు. అందుకని చేయి కాస్త అదుపులో ఉంటుంది. అదే కర్ర ఒకడి చేతిలోనే ఉండిపోయిందనుకోండి, లేదా ఒక గుంపు చేతిలోనే. అప్పుడేమవుతుందో చూడటానికి మేం మెక్సికో పోనక్కర్లేదు. మా జిల్లాలోనే నారాయణపట్న ఉంది.

అక్కడ చాసీ ములియా ఆదివాసీ సంఘం పెరిగింది. చాసీ అంటే రైతు, ములియా అంటే కూలీ. కొండవాళ్ల భూమి కొండేతరుల చేతికి పోకూడదని మన వైపు 1/70 చట్టం ఉన్నట్టే ఒడిశాలో 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషను ఉంది. ఉంది గానీ, అప్పులకింద, సారా బాకీలకింద భూములు చేతులు మారుతూనే పోయాయి. కొన్నవాళ్లలో, వడ్డీకి ఇచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. రేడియోలో కూర్చొని ఈ మాట మింగేయడం నావల్ల కాదు. పోలీసు చాలలేదంటే దొంగ దొరకలేదని ఒక్కటే కాదు, చట్టం పుస్తకంలోనే ఉండిపోయిందని కూడా. సంఘం ముందు సారా మీద పడింది. ఆడవాళ్లు కుండలు పగలగొట్టారు. మనవాళ్లకి సారాకి ఎదురుతిరిగిన దూబగుంట ఆడవాళ్లు గుర్తొస్తారు. తరవాత భూములు తిరిగి తీసుకున్నారు, జెండాలు పాతారు, నాగళ్లు కట్టారు. 2009లో తమ ఊళ్లను తామే కాచుకోవాలని కుర్రాళ్లతో ఘెనువా బాహిని అనే కాపలా దళం పెట్టుకున్నారు. అటు భూములు పోతున్నవాళ్లు, వ్యాపారులు కలిసి శాంతి కమిటీ పెట్టారు.

పేర్లు చూడండి. ఒకటి కాపలా, ఒకటి శాంతి. రెండూ ఊరి మంచికే పెట్టామన్నారు. నిజంగానే అలా అనుకొని పెట్టినవాళ్లు రెండు వైపులా ఉన్నారని నా నమ్మకం. కానీ ఆ ఏడాదిలోనే, ఒక సెంటు భూమి లేని డొంబు కుటుంబాలు కూడా అటూ ఇటూ నలిగి, మూటలు నెత్తిన పెట్టుకొని ఊళ్లు విడిచాయి. గాలింపుల పేరుతో ఊళ్లలోకి వచ్చినవాళ్లు ఆడవాళ్లతో చెడుగా ప్రవర్తించారని అడగడానికి 2009 నవంబరు 20న జనం నారాయణపట్న ఠాణాకి వెళ్లారు. మాటా మాటా పెరిగింది, కాల్పులు జరిగాయి. సంఘం నాయకుడు సింగన్న, ఆయనతో ఇంకొకరు అక్కడే పోయారు. పొట్టాసింగి తగలబడి అప్పటికి నూట నలభై అయిదేళ్లు.

మా కూడలిలోంచి ఒక రోడ్డు కొట్‌పాడ్ మీదుగా జగదల్‌పూర్ పోతుంది. 63వ నంబరు జాతీయ రహదారి. అదే రోడ్డు పట్టుకొని పోతూనే ఉంటే బీజాపూర్, సిరోంచా, మంచిర్యాల, నిజామాబాద్ దాటి బోధన్ దగ్గర తేలతారు. మధ్యలో బీజాపూర్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. 2005లో అక్కడ మావోయిస్టులకి ఎదురుగా సల్వాజుడుం మొదలైంది. ప్రభుత్వమే కుర్రాళ్లకి ప్రత్యేక పోలీసు అధికారులని పేరుపెట్టి, నెలకింత ఇచ్చి, తుపాకులు చేతికిచ్చింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడినుంచి పారిపోయి వచ్చిన కోయలు మన ఖమ్మం, గోదావరి అడవుల్లో చెట్టుకింద గుడిసెలు వేసుకున్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పి, ఆ తుపాకులు వెనక్కి తీసుకోమంది. తుపాకీకి వంతు ఉండదు. పొద్దున్న పక్కింటి గుమ్మంలో ఆనించి పోదామంటే ఏ ఇంటివాళ్లూ ఊరుకోరు.

ఊళ్లకి అధికారం ఇవ్వనే కూడదని నేననడం లేదు. కరోనా వచ్చిన 2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం సర్పంచులకి వాళ్ల పంచాయతీ మటుకు కలెక్టరు అధికారాలు ఇచ్చింది. బయటినుంచి వచ్చినవాళ్లని బడిలో పద్నాలుగు రోజులు ఉంచడం, పేర్లు రాయడం, తిండి చూడడం వాళ్ల పని. మాకు తెలిసిన ఒక సర్పంచమ్మ, చదువు అయిదో తరగతి, కేరళనుంచి వచ్చిన సొంత మేనల్లుడిని కూడా ఇంటికి రానివ్వలేదు. బడి కిటికీలోంచే కూర గిన్నె అందించింది. వాడు అత్తా, అత్తా అని బతిమాలుతుంటే, నేను ఇప్పుడు అత్తను కాదురా, కలెక్టర్ని అందట. ఆ అధికారం గడువు తీరాక ఎవరూ అడక్కుండానే పోయింది. ఆవిడకి దాని మీద బెంగేమీ లేదు.

ఇక రెండో వైపు. 2025 జులైలో రాయగడ జిల్లాలో ఒక ఊరు, ఆచారం ఒప్పుకోని పెళ్లి చేసుకున్నారని ఒక కుర్రాడినీ అమ్మాయినీ ఎడ్లలాగా కాడికి కట్టి పొలం దున్నించింది. ఫోనుల్లో ఆ బొమ్మ మీరు చూసే ఉంటారు. చిల్లంగి పెట్టారని మనుషులను కొట్టి చంపడం ఆగకే 2013లో ఒడిశాలో దానికోసం వేరే చట్టం చేయాల్సి వచ్చింది. ఇక్కడ కూడా తీర్పు చెప్పేది ఊరే, కర్ర పట్టేది ఊరే. వరస వస్తే ఎవరి వంతు వాళ్లు వేస్తారు. కాబట్టి వంతు ఒక్కటే ఉంటే చాలదని ఒప్పుకుంటున్నాను. ఆ కాడి కింద ఉన్న అమ్మాయికి పరుగెత్తి చేరుకోవడానికి ఊరి అవతల ఒక తలుపు ఉండాలి. ఆ తలుపు ఠాణా కావచ్చు, కోర్టు కావచ్చు. ఆ రోజు ఆ అమ్మాయికి మాత్రం ఏ తలుపూ కనబడలేదు.

మిగిలినది మా సొంత సంగతి. ఇన్ని ఊళ్లవాళ్ల తప్పులు చెప్పినవాడిని ఇది దాచుకోకూడదు.

మా గస్తీ రెండో చలికాలం. నాకు పందొమ్మిదేళ్లు. ఆ రాత్రి వంతు మాది, నాన్నకి జ్వరమని నేను వెళ్లాను. రెండు దాటాక, బట్టల కొట్టు వెనక సందులో ఒక మనిషి కదిలాడు. పొన్నుకర్రతో స్తంభం మీద మూడు దెబ్బలు వేశాను. మూడు దెబ్బలంటే అందరూ రావాలని గుర్తు. పదిహేనుమంది దుప్పట్లు కప్పుకొని పరుగెత్తుకొచ్చారు. ఆ మనిషి పరుగెత్తలేదు. పరుగెత్తి ఉంటే మాకే నయంగా ఉండేది. ఏదో చెప్పబోయాడు, అది తెలుగూ కాదు, మా ఒడియా కూడా కాదు. ఎవరో లాగి ఒక్కటి వేశారు. మిగిలినవాళ్లు కూడా వేశారు. తరవాత గోనెలు కట్టే పురికొసతో స్తంభానికి కట్టారు. ముడి వేసింది నేను. గోనె ముడి నాకు బాగా వచ్చు, గుంజేకొద్దీ బిగుస్తుంది.

తెల్లారి టీ కొట్టాయన పొయ్యి రాజేస్తూ ఇటు చూశాడు. దగ్గరికొచ్చి, వీడు రాత్రి కలహండినుంచి వచ్చిన లారీ క్లీనరు కదయ్యా, నా దగ్గరే రొట్టె తిన్నాడు అన్నాడు. లారీ కూడలి అవతలే ఉంది. డ్రైవరు నిద్రపోతున్నాడు. వాడు నీళ్ల డబ్బా పట్టుకొని కుళాయి వెతుక్కుంటూ సందులోకి వచ్చాడు. డబ్బా బట్టల కొట్టు వెనకే దొరికింది, సగం నిండి ఉంది.

ముడి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మణికట్టు మీద పురికొస అచ్చు పడి వాచింది. పెదనాన్న, ఆ రస్కుల పెదనాన్నే, వేడినీళ్లు తెచ్చి కడిగాడు. బజారువాళ్లు డబ్బు పోగుచేసి చేతిలో పెట్టబోతే అతను తీసుకోలేదు. నీళ్ల డబ్బా మటుకు తీసుకున్నాడు. ఏ ఠాణాలోనూ ఎవరూ ఏమీ రాయలేదు, వాళ్లవైపునుంచి గానీ మావైపునుంచి గానీ. ఆ రోజు మమ్మల్ని ఎవరైనా పిలిచి అడిగి ఉంటే బాగుండునని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ సాయంత్రం బజారంతా మళ్లీ కూర్చున్నాం. కర్ర మానేద్దామని కొందరన్నారు. మానలేదు. కొత్తగా ఒక్క మాట చేర్చాం. దొరికినవాడి మీద చెయ్యి పడకూడదు, తాడు పడకూడదు. కూర్చోబెట్టి టీ ఇవ్వాలి, టీ కొట్టాయనని లేపి పిలవాలి. ఎందుకంటే బజారులో రాత్రి దిగే ప్రతి మనిషీ ఆయన పొయ్యి దగ్గరికి రాక తప్పదు. ఆ తరవాత నాలుగేళ్లు గస్తీ నడిచింది. ఇద్దరు దొంగలు నిజంగానే దొరికారు, ఇద్దరికీ టీ ఇచ్చాం, ఇద్దరినీ పొద్దున్న పోలీసులకి అప్పగించాం. అందులో ఒకడు ఇంకో గ్లాసు అడిగాడు.

తరవాత షట్టర్లు వచ్చాయి, వీధి దీపాలు వచ్చాయి, ఇప్పుడు ప్రతి కొట్టు మీదా కెమెరా ఉంది. రాత్రి ఎవరు నడిచారో పొద్దున్న ఫోనులో చూసుకుంటున్నాం. వంతులు తీరిపోయిన రోజున ఆ పొన్నుకర్ర మా కొట్టు దగ్గరే ఆగింది. దాని కొసకి మా అబ్బాయి ఒక ఇనప కొక్కెం వేయించాడు. షట్టరు పైకి పోయి అందనప్పుడు దానితో కిందికి లాగుతున్నాం.